పాత తలుపు తాళంలో స్ప్రింగు విరిగింది, కొత్తది చేసుకోవచ్చా?

శాలిబండ_కోడలు · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఇదే నా మొదటి టపా.

మాది శాలిబండలో పాత ఇల్లు. 1908లో మూసీ వరద వచ్చిన తర్వాత మా మామగారి తాతగారు కట్టించారని ఇంట్లో చెప్పుకుంటారు. వీధి తలుపు టేకుది, రెండు రెక్కలు. కుడి రెక్కకు లోపలి వైపు జానెడు పొడవున్న ఇనుప పెట్టె తాళం బిగించి ఉంటుంది. తలుపుకు రెండు వైపులా ఇత్తడి పిడులు. పిడి తిప్పితే ఏటవాలు నాలుక లోపలికి వెళ్తుంది, వదిలితే బయటికి వస్తుంది. దాని కింద తాళంచెవితో నడిచే పలక నాలుక ఇంకొకటి ఉంది.

గురువారం మా అబ్బాయి తలుపు వేస్తే పెట్టెలో ఏదో తెగినట్టు చప్పుడైంది. అప్పటి నుంచి పిడి చేతిలో వేలాడుతోంది. ఏటవాలు నాలుక లోపలే ఉండిపోయింది. తాళంచెవి మాత్రం మామూలుగానే తిరుగుతోంది కాబట్టి రాత్రికి భయం లేదు. పగలంతా తలుపు గాలికి ఊగుతూ ఉంటే తిరగలి రాయి అడ్డం పెడుతున్నాం.

వీధి చివర తాళాలు బాగుచేసే అతన్ని పిలిచాం. చూసి, "దీన్ని తూకానికి అమ్మేయండి, 1,800కి కొత్తది పెడతాను" అన్నాడు. ఆ మాట అన్నాక మా అత్తయ్య అతనికి టీ కూడా ఇవ్వనివ్వలేదు.

వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం లాల్‌దర్వాజా బోనాలు. ఇంటి నిండా చుట్టాలు దిగుతారు. ఈలోగా ఇది బాగవుతుందా?

సికింద్రాబాద్_సుత్తి · సోమవారం, రాత్రి 9:40

తిరగలి రాయిని మించిన తాళం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. చుట్టాలు వచ్చినప్పుడు కూడా అదే ఉంచండి, సగం మంది గడప దగ్గరే ఆగిపోతారు.

సరదాకి అన్నాను. పెట్టె మూత విప్పి ఫొటో పెట్టండి. ముందు రోగం ఏమిటో తేలాలి కదా.

కొత్తతలుపు · సోమవారం, రాత్రి 10:05

నేను తలుపులు, కిటికీలు బిగించే పనిలోనే ఉన్నాను కాబట్టి సూటిగా చెబుతున్నాను. ఈ పాత పెట్టె తాళాల్లో మూడో నాలుగో లివర్లు, అంటే తాళంచెవి లేపే పలకలు, ఉంటాయి. పనితెలిసిన దొంగకు అదో లెక్క కాదు. స్ప్రింగు కోసం వారం తిరిగి, చేయించి, మళ్ళీ ఆర్నెల్లకు ఇంకో ముక్క విరిగితే? కొత్త తాళం పెట్టించుకుని, పాతదాన్ని శుభ్రం చేసి గోడకు తగిలించండి. అత్తయ్యగారికి నచ్చచెప్పడం మీ పని.

పాతఫిట్టర్ · మంగళవారం, ఉదయం 5:50

అమ్మా, కొత్తతలుపు గారు భద్రత గురించి చెప్పింది నిజమే. అయితే అందుకు పాతదాన్ని పీకనక్కర లేదు. జానెడు పైన ఒక కొత్త తాళం విడిగా బిగించుకుంటే రాత్రికి అది, పగటికి ఇది.

ఇక రోగం. పిడి వేలాడుతోంది, ఏటవాలు నాలుక బయటికి రావడం లేదు, తాళంచెవి మామూలుగా తిరుగుతోంది. మూడూ కలిస్తే నూటికి తొంభై పాళ్ళు నాలుకను నెట్టే ఆకు స్ప్రింగు విరిగినట్టే. పిడిని తిరిగి నిలబెట్టేది కూడా అదే. తాళంచెవి వైపు స్ప్రింగులు వేరు. అవి పోతే తాళంచెవి మధ్యలో ఇరుక్కోవడమో, పలక నాలుక పట్టు తప్పడమో జరిగేది.

విప్పడం ఇలా. పిడి మెడ దగ్గర చిన్న అడ్డ స్క్రూ ఉంటుంది. అది తీస్తే పిడి, దాని నలుచదరపు కడ్డీ బయటికి వస్తాయి. ఆ తర్వాత పెట్టెను తలుపు నుంచి దింపండి. స్క్రూలు తుప్పుతో బిగిసి ఉంటే బలం చూపించకండి. రాత్రి ఒక్కో తల మీద కిరోసిన్ చుక్క వేసి వదిలేయండి, దొరక్కపోతే డీజిల్. పొద్దున స్క్రూడ్రైవరు మొనను ఆకురాయితో అరగదీసి, గాడిలో అడుగుదాకా దిగేలా చేసుకుని తిప్పండి. పాత స్క్రూల గాడి సన్నగా ఉంటుంది. ఇప్పటి స్క్రూడ్రైవరు సగమే దిగుతుంది, ఒక్కసారి జారితే గాడి పోతుంది.

ఒక అట్టముక్క మీద పెట్టె బొమ్మ గీసి, ఏ రంధ్రం స్క్రూను ఆ రంధ్రం దగ్గరే గుచ్చండి. ఆ కాలపు మరలు చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

మూత పైకి ఉండేలా పెట్టెను బల్ల మీద పరిచి, మొత్తాన్ని పారదర్శకమైన పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచిలోనే మూత లేపండి. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. బిగువులో ఉన్న ముక్క ఎగిరిందంటే ముందు వచ్చేది ముఖం మీదికే. మూత లేచాక దేన్నీ ముట్టుకోకుండా ఫొటో తీయండి.

తాళపత్రుడు · మంగళవారం, ఉదయం 8:15

ఆ తాళం మీద ఏమైనా ముద్ర ఉందా? కిరీటం బొమ్మ, ఊరి పేరు లాంటివి?

అడగడానికి కారణం ఉంది. లివరు తాళాల కథంతా స్ప్రింగుల కథే. 1778లో రాబర్ట్ బారన్ అనే ఇంగ్లీషాయన ఒక కిటుకు కనిపెట్టాడు. లివరును తక్కువ లేపినా తాళం తెరుచుకోదు, ఎక్కువ లేపినా తెరుచుకోదు, సరిగ్గా లేపాలి. లేచిన లివరును మళ్ళీ కిందికి నొక్కి పెట్టేది సన్నటి ఆకు స్ప్రింగే. 1818లో జెరెమయా చబ్ దానికి ఇంకో మెలిక కలిపాడు. ఎవరైనా దొంగచెవితో లివరును మరీ ఎత్తితే అది పైనే చిక్కుకుపోయి, ఎవరో చెయ్యిపెట్టారని యజమానికి తెలిసిపోయేది. 1851లో లండన్ మహా ప్రదర్శన జరిగినప్పుడు హాబ్స్ అనే అమెరికా ఆయన దాన్నీ తెరిచి చూపించాడనుకోండి, అది వేరే కథ. మన దేశంలో అర్దేషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల పని మొదలుపెట్టారు. అంతకు ముందు ఇక్కడి పెద్ద ఇళ్ళకు ఇంగ్లండు సరుకు చాలానే వచ్చింది.

పాతఫిట్టర్ · మంగళవారం, ఉదయం 8:31

తాళపత్రుడు గారూ, తిరగలి రాయి పక్కకు జరిగాక ఆ వేరే కథ కూడా వింటాం.

శాలిబండ_కోడలు · బుధవారం, రాత్రి 8:50

విప్పాం! డీజిల్ పని చేసింది. మూతకు నాలుగు స్క్రూలు, మూడు బుద్ధిగా వచ్చాయి, నాలుగోది అరగంట ఏడిపించింది. ముద్ర ఉంది తాళపత్రుడు గారూ: కిరీటం, దాని కింద అరిగిపోయిన అక్షరాలు. అబ్బాయి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే "వుల్వర్‌హాంప్టన్" అని తేలింది, ఇంగ్లండులో ఊరు.

ఫిట్టర్ గారు చెప్పినట్టే ఉంది. లోపల ఒక వెడల్పాటి ఉక్కు పట్టీని మధ్యకు మడిచి, పట్టకారులా రెండు కాళ్ళు చేసిన స్ప్రింగు. సరిగ్గా మడత దగ్గర రెండు ముక్కలైంది. విరిగిన చోటును భూతద్దంలో చూశాం. అంచులో సగానికి పైగా కాఫీ గింజ రంగులో నల్లగా ఉంది, మిగిలిన సన్నటి గీత మాత్రం వెండిలా మెరుస్తోంది.

లోపల ఇంకొకటి కూడా కనిపించింది. పసుపు, కుంకుమ. పిసుక్కుపోయిన ముద్దలా, మూలమూలల్లో. మా అత్తయ్య ఏటా దసరాకు ఆయుధ పూజ నాడు తాళానికి బొట్టు పెట్టి, తాళంచెవి రంధ్రంలో కొబ్బరినూనె పోస్తారు. నలభై ఏళ్ళుగా.

చెడ్డ వార్త: ఫొటో తీసేలోపే మావారు "ఇవేమిటి, కదులుతున్నాయి" అంటూ తాళంచెవి వైపున్న మూడు ఇత్తడి లివర్లను చేత్తో పైకి తీశారు. ఏది పైన ఉండేదో, ఏది కిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

సికింద్రాబాద్_సుత్తి · బుధవారం, రాత్రి 9:02

మీవారిని కూడా ప్లాస్టిక్ సంచిలో పెట్టాల్సింది.

పాతఫిట్టర్ · గురువారం, ఉదయం 5:45

భయం లేదు తల్లీ. మూడు లివర్లకు ఆరు వరుసలే. తాళంచెవి పళ్ళు చూడండి, మెట్లు మెట్లుగా ఉంటాయి. పొడవు పన్ను లేపే లివరు ఎక్కువ లేవాలి, పొట్టి పన్నుది తక్కువ. ఒక వరుసలో ఇరుసు మీద పేర్చి, వేలితో మెల్లగా అదిమి పట్టుకుని తాళంచెవి తిప్పండి. మూడు లివర్ల గాళ్ళూ ఒకే గీతలోకి వచ్చి, పై నుంచి చూస్తే అడుగు కనిపించాలి. అప్పుడు పలక నాలుక మీదున్న పొట్టి మేకు ఆ సందులోంచి దూరి వెళ్తుంది. గాళ్ళు కలవకపోతే వరుస మార్చండి. ఎక్కడా ఆకురాయి మాత్రం పెట్టకండి.

విరిగిన అంచు సంగతి. నల్లగా ఉన్న భాగం ఎప్పుడో చీలింది. తుప్పు గుంటలో సన్నటి చీలిక మొదలై ఏళ్ళ తరబడి లోపలికి పాకింది. మెరిసే గీత గురువారం తెగింది. మీ అబ్బాయిని తిట్టి ఉంటే ఒక చాక్లెట్ బాకీ ఉన్నారు.

అల్వాల్_అద్దెవాడు · గురువారం, ఉదయం 9:20

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. కొబ్బరినూనె పోస్తే తప్పేమిటి? మా అద్దె ఇంటి తాళానికి నేనూ అదే పోస్తాను. వేసవిలో సాఫీగానే ఉంటుంది, డిసెంబరు వచ్చేసరికి తాళంచెవి తిరగదు.

లోలకం · గురువారం, ఉదయం 10:10

జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరులో తలకు రాసుకునే సీసాను ఎండలో పెడతాం కదా, తాళాన్ని ఎండలో పెట్టలేం. పైగా వంటనూనె ఏదైనా కాలం గడిచేకొద్దీ జిగురవుతుంది, దుమ్మును పట్టుకుంటుంది, ఆ ముద్ద తేమను పట్టుకుంటుంది. తాళంచెవి రంధ్రంలోకి గ్రాఫైటు పొడి చాలు. పెన్సిలు ముల్లును గరుకు కాగితం మీద అరగదీసినా వస్తుంది. నాలుకకు, ఇరుసుకు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క.

ఇక అసలు పని. నేను పాత గోడ గడియారాలు బాగుచేస్తుంటాను, స్ప్రింగులతోనే నా బతుకు. కోడలు గారూ, ముక్కల మందం, వెడల్పు, కాలి పొడవు కొలిచి చెప్పండి. మందం మాత్రం వెర్నియర్ కాలిపర్‌తోనే, తుప్పు లేని చోట. స్కేలు పెట్టి చెప్పిన మందం నేను నమ్మను.

శాలిబండ_కోడలు · గురువారం, మధ్యాహ్నం 1:35

పక్కింటి ఇంజినీరింగు కుర్రాడి దగ్గర కాలిపర్ దొరికింది. మందం 0.5 మి.మీ., వెడల్పు 8 మి.మీ., ఒక్కో కాలు 42 మి.మీ. పెట్టెలో అది కూర్చునే సందు 18 మి.మీ. లివర్ల వరుస నాలుగో ప్రయత్నంలో కుదిరింది!

సికింద్రాబాద్_సుత్తి · గురువారం, మధ్యాహ్నం 2:00

హాక్సా బ్లేడు ముక్క విరిచి పెట్టండి. మందం 0.63 ఉంటుంది, ఇంకా గట్టిది, జన్మలో విరగదు. లేదంటే ఈ రెండు ముక్కలనే వెల్డింగు చేయించండి, పది నిమిషాల పని.

పాతఫిట్టర్ · గురువారం, సాయంత్రం 4:25

సుత్తి గారూ, మీ పేరు మీకు బాగా నప్పింది.

వెల్డింగు చేస్తే ఆ వేడికి అతుకు చుట్టూ పదును, అంటే కాల్చి ముంచి తెచ్చిన గట్టిదనం, పోతుంది. అతుకు గట్టిగా, దాని పక్కన మెత్తగా తయారై, వారంలో పక్కనే విరుగుతుంది. స్ప్రింగుకు అతుకు అన్నమాటే లేదు.

గట్టిది పెడితే విరగదన్న మాటకు వస్తాను. నలభై ఏళ్ళ పనిలో ఎక్కువ స్ప్రింగులు విరిగింది ఈ నమ్మకం వల్లే. ఆకు స్ప్రింగు బిరుసుదనం మందంతో పాటు పెరగదు, మందం ఘనంతో పెరుగుతుంది. 0.5కు బదులు 0.63 అంటే మందం 1.26 రెట్లు. మూడుసార్లు హెచ్చించండి: రెండు. అంటే పిడి తిప్పడానికి రెట్టింపు బలం కావాలి. ఏటవాలు నాలుక రెట్టింపు బలంతో ద్వారబంధం గూటి అంచును కొట్టి అరుగుతుంది. ఆ పైన, అదే వంపుకు మందపు పట్టీ లోపల ఒత్తిడి ఎక్కువ. 0.5ది ఓర్చుకున్నదానికి 0.63ది పాతిక శాతం ఎక్కువ ఓర్చుకోవాలి. బలమైనది పెట్టి తొందరగా విరగ్గొట్టుకోవడం అంటే ఇదే.

వేరే దారి లేక బ్లేడే వాడాల్సి వస్తే వెడల్పును 8 నుంచి 4కు అరగదీయాలి. వెడల్పు సగమైతే బిరుసు సగమవుతుంది. అయినా ఒత్తిడి సంగతి తీరదు. అందుకే 0.5 పట్టీనే వెతకండి.

లోలకం · గురువారం, సాయంత్రం 5:05

ఫీలర్ గేజి కొనండి. స్పార్కు ప్లగ్గు సందు కొలవడానికి మెకానిక్కులు వాడే రేకుల కట్ట. అందులో ప్రతి రేకు మీద మందం చెక్కి ఉంటుంది, 0.50 రేకు సాధారణంగా ఉంటుంది. పదును పట్టిన మంచి ఉక్కు. 100 మి.మీ. పొడవున్నది అడగండి, మీకు 84 కాళ్ళకు, మిగిలింది మడతకు. ఫీల్‌ఖానాలోనో రాణీగంజ్‌లోనో పనిముట్ల దుకాణాల్లో అడగండి. గోడ గడియారం స్ప్రింగు ముక్క నా దగ్గరే ఉంది కానీ 0.4 మందమే, నాలుకను నెట్టడానికి చాలదు. టేపు కొలత పట్టీ మరీ పలచన, దాని జోలికి వెళ్ళకండి.

శాలిబండ_కోడలు · శనివారం, రాత్రి 7:30

నిన్న ఫీల్‌ఖానాకు వెళ్ళాను. మూడో దుకాణంలో దొరికింది, 180 రూపాయలు. ఒక్క రేకు కోసం కట్ట మొత్తం కొంటున్నానని తెలిసి ఆయన నన్ను అదోలా చూశాడు.

ఇవాళ పొద్దున రేకును ఆకురాయితో 8 మి.మీ. వెడల్పుకు తెచ్చాం, రెండు గంటలు పట్టింది. తర్వాత బెంచి వైసులో పెట్టి పట్టకారుతో వంచాం. 'టప్' మని విరిగింది. ముక్క సీలింగు ఫ్యానుకు తగిలింది. అద్దాలు పెట్టుకున్నాం, అంత మేరకు బుద్ధి ఉంది.

లోలకం · శనివారం, రాత్రి 7:48

తప్పు నాది. పదును పట్టిన రేకును చల్లగా మడవకూడదని రాయడం మరిచిపోయాను. చెప్పాల్సిన మొదటి మాటే అది. ఇంకో 0.50 రేకు డబ్బులు నేను పంపిస్తాను, నిజంగానే.

శాలిబండ_కోడలు · శనివారం, రాత్రి 8:02

అయ్యో, వద్దండీ. ఆ కట్టలో 0.45, 0.55 కూడా ఉన్నాయి. ఏది వాడమంటారు?

పాతఫిట్టర్ · ఆదివారం, ఉదయం 6:20

0.55 తీసుకోండి. మందం పది శాతం పెరిగితే బిరుసు మూడో వంతు పెరుగుతుంది. వెడల్పును 6 మి.మీ.కు తెస్తే లెక్క సరిపోతుంది. 0.45 అయితే వెడల్పు పెంచాలి, పెట్టెలో చోటు ఉందో లేదో తెలియదు.

ఇప్పుడు చెప్పేది తొందర లేని రోజు చేయండి. వంటింటి కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపి, పక్కన ఇసుక బకెట్టు పెట్టుకుని.

ముందు మెత్తబరచడం. రేకు మధ్య భాగం గ్యాసు మంట మీద ఎర్రబడనిచ్చి, పొడి బూడిదలో పాతిపెట్టండి. పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోవద్దు. తర్వాత 6 మి.మీ. డ్రిల్లు వెనుక భాగం చుట్టూ మెల్లగా మడవండి. మడత గుండ్రంగా రావాలి, మొన తేలకూడదు. కాళ్ళు విడిగా ఉన్నప్పుడు కొసల మధ్య 28 మి.మీ. ఉండాలి, 18 సందులో కూర్చున్నప్పుడు ఆ తేడాయే దాని బిగువు. అంచులను గరుకు కాగితంతో పొడవు వెంబడి నున్నగా తీయండి. అడ్డంగా ఒక్క గీత ఉన్నా రేపటి చీలిక అక్కడే మొదలవుతుంది.

తర్వాత గట్టిపరచడం. స్ప్రింగును సన్నటి ఇనుప తీగకు వేలాడదీసి మంటలో అంతటా సమంగా కాల్చండి. పండిన చెర్రీ ఎరుపు రావాలి. అయస్కాంతం దగ్గర పెడితే అంటుకోని స్థితి 770 డిగ్రీల దగ్గర వస్తుంది. దానికి ఇంకాస్త పైన ఆపాలి. వెంటనే స్టీలు గ్లాసులో ఉన్న వేరుశనగ నూనెలో ముంచాలి. అర మిల్లీమీటరు రేకు గాలిలో రెండు సెకన్లు ఉంటే ఎరుపు పోతుంది, అందుకని గ్లాసు చేతికి అందే దూరంలో ఉండాలి, మంటకు మాత్రం తగలకూడదు. గ్లాసు మీద వేయడానికి మూత సిద్ధంగా ఉంచండి, నూనె అంటుకుంటే మూత వేయడమే, నీళ్ళు పోయకూడదు. నీళ్ళలో ముంచితే పని తొందరగా అవుతుంది, రేకు కూడా అంతే తొందరగా పగులుతుంది.

ఇప్పుడది గాజులా ఉంటుంది. వంచి చూడాలనిపిస్తుంది, చూడకండి.

చివరగా పదును దించడం, అసలు విద్య ఇదే. ఒక వైపు గరుకు కాగితంతో రుద్ది తెల్లగా మెరిసేలా చేయండి. పాత ఇనుప బాణలిలో ఇసుక పోసి వేడెక్కించి, స్ప్రింగును మెరుపు వైపు పైకి ఉండేలా ఇసుక మీద పరచండి. మెల్లగా రంగులు వస్తాయి. ముందు గడ్డి పసుపు, అది 220 దగ్గర. తర్వాత గోధుమ రంగు. తర్వాత వంకాయ రంగు, 280. ఆ వెంటనే నెమలి మెడ నీలం, 300. అక్కడ తీసేయండి. పసుపు దగ్గర తీస్తే విరుగుతుంది. నీలం వెలిసి బూడిద రంగులోకి దిగితే మెత్తబడుతుంది, మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి. వంకాయ నుంచి నీలానికి మారడం రెప్పపాటులో జరుగుతుంది, ఆ సమయంలో ఫోను వచ్చినా ఎత్తకండి.

తాళపత్రుడు · ఆదివారం, ఉదయం 9:00

దీన్ని ఎవరైనా దాచిపెట్టండి. ఈ రంగుల వరుస నేను పుస్తకాల్లో డిగ్రీలుగానే చదివాను, వంకాయగా ఎప్పుడూ చూడలేదు.

నిర్వాహకుడు · ఆదివారం, ఉదయం 9:30

పై టపాను పనిముట్ల విభాగం పైన అతికించాం. మంటతో పని కాబట్టి పెద్దవాళ్ళే చేయాలని ఇంకోసారి మనవి.

శాలిబండ_కోడలు · మంగళవారం, రాత్రి 9:15

నిన్న మొదటి దఫా. గట్టిపరచడం బాగానే జరిగింది, నూనె బుస్సుమంది, ఇల్లంతా బజ్జీల వాసన. పదును దించుతుంటే వంకాయ రంగు వచ్చిందని మావారిని పిలిచాను. ఆయన వచ్చేలోపు నీలం దాటి బూడిదైంది. అయినా ఆశ కొద్దీ బిగించి చూశాం. ఇవాళ సాయంత్రానికే కాళ్ళు దగ్గరైపోయాయి, పిడి మళ్ళీ వాలింది.

రాత్రి వంట అయ్యాక మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఎవరినీ పిలవలేదు. వంకాయ, వంకాయ, నీలం, తీసేశాను. ఎంత అందంగా ఉందో! పాత ముక్కను పక్కన పెట్టి చూస్తే దాని తుప్పు కింద కూడా ఒక మూల అదే నీలం కనిపించింది.

సందులోకి దూర్చడం ఎలా? బిగువుకు చేతిలోంచి జారిపోతోంది.

లోలకం · మంగళవారం, రాత్రి 9:32

రెండు కాళ్ళూ దగ్గరకు నొక్కి నూలు దారంతో నాలుగు చుట్లు కట్టండి. అలాగే సందులో కూర్చోబెట్టి, మూత సగం కప్పి, బ్లేడుతో దారం కోయండి. దారం ముక్కలు చిమటాతో లాగేయండి. నైలాను దారం వద్దు, జారుతుంది.

పాతఫిట్టర్ · బుధవారం, ఉదయం 5:55

బిగించే ముందు ఇంకో పరీక్ష. కొత్త స్ప్రింగు విరగకుండా ఉండాలంటే తలుపును దబాయించి వేసే అవసరం పోవాలి. ఏటవాలు నాలుక కొసకు కాటుక రాసి తలుపు మెల్లగా వేయండి. ద్వారబంధానికున్న ఇనుప గూడు మీద కాటుక ఎక్కడ అంటిందో చూడండి. గూటి నోట్లో అంటాలి. కింది అంచుకు అంటితే రెక్క వాలింది.

శాలిబండ_కోడలు · బుధవారం, రాత్రి 8:40

కింది అంచుకే అంటింది! 3 మి.మీ. కిందికి ఉంది. పై మడతబందు స్క్రూలు మూడూ చెక్కలో ఊరికే తిరుగుతున్నాయి. అంటే ఇన్నాళ్ళూ తలుపును కాస్త ఎత్తి, భుజంతో నెట్టి వేస్తున్నాం, అదే అలవాటు అనుకున్నాం.

కొత్తతలుపు · బుధవారం, రాత్రి 9:10

ఇది నా విద్య. స్క్రూలు తీసి, రంధ్రాల్లో వెదురు పుల్లలు ఫెవికాల్ రాసి బిగుతుగా దిగ్గొట్టండి. ఒక రాత్రి ఆరనిచ్చి, పైకి వచ్చిన పుల్లలను కోసి, పాత స్క్రూలే బిగించండి. బిగించేటప్పుడు రెక్క కింద చెక్క ఆప్పు పెట్టి ఎత్తి ఉంచాలి. వానాకాలం కదా, టేకు కూడా కాస్త ఉబ్బి ఉంటుంది. ఇప్పుడు అంచు చిత్రిక పట్టకండి, ఎండలు వచ్చాక సందు పడుతుంది.

స్ప్రింగు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పైన ఇంకో తాళం బిగించాలన్నప్పుడు చెప్పండి, ఆ పనికి కూలి తీసుకోను.

శాలిబండ_కోడలు · సోమవారం, సాయంత్రం 6:20

బోనాలు అయ్యాయి. నిన్న పొద్దున నుంచి రాత్రిదాకా తలుపు ఎన్నిసార్లు తీశారో, వేశారో లెక్కే లేదు. పిడి వదలగానే నాలుక దానంతట అదే బయటికి వస్తోంది, ఒక్క వేలితో తలుపు పడుతోంది. మా ఆడపడుచు అలవాటుగా భుజంతో నెట్టబోయి వరండాలోకి తూలింది.

అత్తయ్యకు మాత్రం ఒక ఫిర్యాదు ఉంది. చప్పుడు మారిందట. వంటింట్లో కూర్చుని తలుపు చప్పుడును బట్టి ఎవరు వచ్చారో చెప్పేవారు, ఇప్పుడు చివర్లో గలగలమని ఏదో కలుస్తోందంటున్నారు. నాకైతే తేడా తెలియడం లేదు.

పాతఫిట్టర్ · మంగళవారం, ఉదయం 5:40

ఆవిడ చెవికి దండం. మూత స్క్రూలు ఒకసారి చూడండి. నాలుగోది ఏడిపించిందన్నారు కదా.

శాలిబండ_కోడలు · మంగళవారం, ఉదయం 7:05

నాలుగోదే. ఒకటిన్నర చుట్టు వదులుగా ఉంది. బిగించాను. అత్తయ్య వంటింట్లోంచి "ఆఁ, ఇప్పుడు సరే" అన్నారు.

దసరాకు బొట్టు బయట పెడతారట, నూనె సంగతి ఇంకా చర్చల్లో ఉంది. తిరగలి రాయిని లోపలికి చేర్చాం.

అల్వాల్_అద్దెవాడు · మంగళవారం, ఉదయం 9:50

నేను కూడా నా తాళం మూత విప్పాను. లోపల స్ప్రింగు బాగానే ఉంది. ఒక బొద్దింక ఉంది. దీనికి వేరే చర్చ మొదలుపెట్టమంటారా?

నిర్వాహకుడు · మంగళవారం, ఉదయం 10:15

మొదలుపెట్టండి. బొద్దింక ఫొటో మాత్రం వద్దు.